హైస్కూలు పిల్లల తల్లిదండ్రులకు నాలుగు మాటలు

(మన సంఘ సభ్యుల సంక్రాంతి కుటుంబ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద ఏటేట పండితులు మాట్లాడినారు. పంచాంగము వినిపించినవారున్నారు, అవధానము చేసినవారున్నారు. మేము ఆ కోవలోనివారము కాము. మాది రైల్వేలో గుమాస్తా ఉద్యోగము. చదువు పదవ తరగతితో సరి. పిల్లల చదువును గురించి మాట్లాడవలెనని కార్యదర్శిగారు చెప్పినప్పుడు, సంఘములో బి.ఏ.లు, ఎం.ఏ.లు, బడిపంతుళ్లు ఇంతమంది ఉండగా మేమేమిటని వెనుకాడినాము. "ఎట్లు చదువుకోవలెనో వారు చెప్పుదురు. చదువు ఎక్కడ ఆగిపోవునో మీకు తెలియును గదా, అది చెప్పండి" అని వారన్నారు. ఆ మాట నిజమే. కావున తెలిసినంతవరకు చెప్పుకొనెదము. పొరబాటులుంటే పెద్దలు మన్నించవలెను.

మా నాయన గ్యాంగుమన్. ఈ అరక్కోణము సెక్షనులో పట్టాల వెంబడి సుత్తి, స్పానరు భుజాన వేసుకొని ఎండనక వాననక నడిచినవారు. తెలుగులో తమ పేరు వ్రాయగలరు, అంతే. మేము 2004లో పదవ తరగతి పరీక్ష వ్రాసినాము. అన్నిటిలో గట్టెక్కినాము గాని లెక్కలలో 31 మార్కులు వచ్చినవి. రావలసినవి 35. ఆ నాలుగు మార్కుల మూలాన ఆ రాత్రి మా ఇంటిలో పొయ్యి వెలుగలేదు. మా నాయన కొట్టలేదు, తిట్టలేదు. "మన రాతలో చదువు లేదురా అబ్బాయ్" అని, మరునాడు తెల్లవారగనే బజారులో ఒక సరుకుల అంగడిలో కూర్చుండబెట్టి వచ్చినారు.

తప్పిన సబ్జెక్టు ఒక్కటే అదే సంవత్సరము తిరిగి వ్రాయవచ్చునని ఆయనకు తెలియదు, మాకు తెలియదు. దరఖాస్తు గడువు స్కూలు నోటీసు బోర్డుమీద వేసినారట. తప్పిన పిల్లవాడు ఆ బోర్డు దగ్గరకు ఏ ముఖముతో పోవును? సిగ్గుచేత మేము ఆ వీధిలోనే నడువలేదు. స్కూలువారు ఒక మాట చెప్పి పంపలేదు. మరుసటి సంవత్సరము అంగడికి బియ్యము కొనవచ్చిన ఒక పంతులుగారు సంగతి విని, దరఖాస్తు తామే నింపి ఇచ్చినారు. వ్రాసినాము, ప్యాసైనాము. కాని ఏడాదిపాటు మూసిన పుస్తకము మరల తెరుచుకొనుట కష్టము. 2007లో మా నాయన ఉద్యోగములో ఉండగానే కాలము చేసినారు. కారుణ్య నియామకములో క్రింది ఉద్యోగమున చేరి, డిపార్టుమెంటు పరీక్ష వ్రాసి గుమాస్తా అయినాము. పదవ తరగతి సర్టిఫికెట్టు అన్నము పెట్టినది. దానిని దాటి మేము పోలేకపోయినాము.

ఎవరిమీదనో తప్పు మోపుటకు ఈ కథ చెప్పలేదు. స్కూలువారు బోర్డుమీద వేసినాము గదా అనుకొన్నారు. మా నాయన స్కూలువారే పిలుతురు గదా అనుకొన్నారు. ఇద్దరి అనుకోలు మధ్య ఒక పిల్లవాని చదువు పోయినది. స్కూలు నియమములు రైల్వే టైంటేబులు వంటివి. బండి వచ్చు వేళ గోడమీద వ్రాసియే యుండును. చదువని ప్రయాణీకుని కొరకు బండి ఆగదు. ఈ సంగతి మా నాయనకు చెప్పువారు లేకపోయిరి. మనకు మనము చెప్పుకొనవచ్చును గదా యని ఈ నాలుగు మాటలు.

మొదట మన తెలుగు బిడ్డలకు ప్రత్యేకముగా వచ్చు చిక్కు, భాష సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. 1960 ఏప్రిల్ 1న ఎల్లల సవరణ జరిగి తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రములోనికి వచ్చినది. మనలో కొందరి తాతలు ఇల్లు కదలకుండానే రాష్ట్రము మారినారు. మరికొందరి తాతలు రైలు పనికి, మగ్గము పనికి, వ్యాపారమునకు వచ్చి ఇక్కడనే నిలిచిపోయినారు. ఎట్లు వచ్చినను మనము ఇక్కడివారమే.

1956లో రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణలో 350ఎ అను అధికరణము చేరినది. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు వసతి కల్పించవలెనని అందులో ఉన్నది. ప్రాథమిక దశ అన్న మాటను గమనించవలెను. ఆ అధికరణపు నీడ హైస్కూలు గుమ్మము దగ్గర ఆగిపోవును. అక్కడినుండి రాష్ట్ర నియమములే ఆధారము. కావున చిన్న తరగతులలోకంటె పెద్ద తరగతులలో తల్లిదండ్రులకు జాగ్రత్త ఎక్కువ కావలెను. మనలో చాలమంది దీనికి విరుద్ధముగా చేయుచున్నాము. ఒకటవ తరగతి పిల్లను చేయి పట్టుకొని బడిలో దింపెదము. తొమ్మిదవ తరగతి పిల్ల ఏ సెక్షనులో ఉన్నదని అడిగితే తల గోకుకొనెదము.

తమిళనాడులో 2006 సంవత్సరపు 13వ చట్టము తమిళ అభ్యసన చట్టము. దాని ప్రకారము 2006-07లో ఒకటవ తరగతితో ప్రారంభించి, ఏటికొక తరగతి చొప్పున పదవ తరగతి వరకు తమిళము తప్పనిసరి సబ్జెక్టు అయినది. ఆ తొలి వరుస పిల్లలు 2016లో పదవ తరగతి పరీక్షకు వచ్చినారు. చట్టము పాఠ్యాంశములను నాలుగు భాగములు చేసినది. మొదటి భాగము తమిళము, రెండవది ఇంగ్లీషు, మూడవది లెక్కలు, సైన్సు, సాంఘిక శాస్త్రము మున్నగునవి. తమిళము గాని ఇంగ్లీషు గాని మాతృభాష కానివారు తమ మాతృభాషను నాలుగవ భాగముగా, ఐచ్ఛికముగా చదువుకొనవచ్చును. మా రోజులలో తెలుగు మొదటి భాషగా పరీక్ష వ్రాసినాము. ఇప్పటి మన పిల్లలకు తెలుగు నాలుగవ భాగములో ఉన్నది.

ఈ మార్పు ఒక్కసారిగా సాఫీగా జరుగలేదు. అయ్యవార్లు లేని స్కూళ్లు, తమిళ అక్షరము సరిగా రాని పిల్లలు ఉండినందున వ్యవహారము కోర్టులకు పోయినది, మినహాయింపులు వచ్చినవి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు భాషా మైనారిటీ విద్యార్థులకు ఆ మినహాయింపును మరియొక సంవత్సరము పొడిగించినది. మనలో కొందరు ఇంకను "మనకు మినహాయింపు ఉన్నది లెండి" అని నిశ్చింతగా ఉన్నారు. ఒక సంవత్సరమునకు ఇచ్చినది ఎల్లకాలమునకు కాదు. పాత టిక్కెట్టుతో కొత్త బండి ఎక్కరాదు. నాలుగవ భాగపు మార్కులను ఎట్లు లెక్కింతురు, ఎన్ని వస్తే ప్యాసు అను విషయమున ఉత్తర్వులు ఎప్పటికప్పుడు మారుతూ వచ్చినవి. తమ బిడ్డ పరీక్ష వ్రాయు సంవత్సరమునకు ఏ ఉత్తర్వు వర్తించునో జూన్ నెలలోనే ప్రధానోపాధ్యాయులను అడిగి తెలుసుకొనవలెను. చీటీమీద వ్రాసి యిమ్మని కోరుట తప్పు కాదు.

ఇక మా ఇంటి సంగతి. చెప్పుకొనుటకు సిగ్గే గాని చెప్పక తప్పదు. మా పెద్దపిల్ల ఇప్పుడు పదవ తరగతి. కిందటి సంవత్సరము తొమ్మిదిలో ఉండగా, ఒకనాడు దాని సంచిలో టిఫిను డబ్బా తీయబోతే ప్రోగ్రెసు కార్డు దొరికినది. త్రైమాసిక పరీక్షలో తమిళమునకు 28 మార్కులు. క్రింద మా సంతకము ఉన్నది. మేము పెట్టిన సంతకము కాదు. మా సంతకములోని వంకరను కూడ వదలక దించినది పిల్ల. ఆఫీసులో రోజుకు వంద కాగితములమీద సంతకములు సరిచూచు గుమాస్తా ఇంటిలో ఇది జరిగినది!

చేయి లేచినది. వాళ్ల అమ్మ అడ్డము వచ్చినది. పిల్ల ఏడువలేదు. "నైనా, నీవు కార్డు చూచేది మార్కులు తక్కువైనప్పుడే గదా. తక్కినప్పుడు అక్కడ పెట్టిపో అంటావు" అన్నది. ఎత్తిన చేయి దించినాము. నిజమే గదా! తరువాత మరియొక మాట అన్నది. "తెలుగు క్లాసు మానేస్తాను నైనా. రెండు లిపులు నావల్ల కాదు. తెలుగుతో నాకేమి పని?" ఈ మాట దొంగ సంతకముకంటె ఎక్కువ గుచ్చుకొన్నది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనము ఉగాదికి వేదికలెక్కి తెలుగు తియ్యదనమును గురించి ఉపన్యాసములు వినుచున్నాము. మన బిడ్డకు అది మోయరాని మూట అయినది.

మరునాడు సెలవు పెట్టి స్కూలుకు పోయినాము. తమిళ ఉపాధ్యాయురాలిని చూచినాము. నిజము చెప్పవలెనంటే కొంత కోపముతోనే పోయినాము, మన పిల్లలను చిన్నచూపు చూతురేమోయని. ఆమె పిల్ల నోటు పుస్తకము తెప్పించి ముందు పెట్టి, ఎర్ర సిరా గుర్తులను వేలితో చూపించినారు. "మీ అమ్మాయి వీధి తమిళము బాగుగనే మాట్లాడును. వ్రాతలో తప్పులన్నియు ఒక్కచోటనే ఉన్నవి చూడండి" అన్నారు. తమిళములో నకారములు మూడు, రకారములు రెండు, లకారములు మూడు. మన పిల్లలు చెవితో నేర్చినవారు. ఏది ఎక్కడ వ్రాయవలెనో కన్ను ఎరుగదు. రోజుకు అరగంట పాఠము పైకి చదివించి, పది వాక్యములు చూచి వ్రాయించితే తీరిపోవునని ఆమె చెప్పినారు. తెలుగు మానిపించమందురా అని అడిగినాము. "ఎందుకు మానిపించవలె? ఒక భాషను శ్రద్ధగా చదివిన పిల్ల రెండవదానిని కూడ శ్రద్ధగా చదువును" అన్నారు. మేము దండము పెట్టి వచ్చినాము.

ఆనాటినుండి రాత్రి ఏడున్నర మొదలు ఎనిమిదింటివరకు మా ఇంటిలో తమిళ పాఠము పైకి చదువుట. మేము ప్రక్కన కూర్చుండెదము. మాకును ఆ మూడు లకారములు ఇప్పుడే తెలిసివచ్చుచున్నవి. తెలుగునకు ఆదివారము ఉదయము మన సంఘపు తరగతి. సంవత్సరాంత పరీక్షలో తమిళమునకు 28 పోయి 54 వచ్చినది. తెలుగు మానలేదు. ఇష్టముతో చదువుచున్నదా అంటే, పూర్తిగా అవునని చెప్పలేము. ఈ మధ్య నెల్లూరునుండి మా మేనత్త వ్రాసిన ఉత్తరమును తానే చదివి వినిపించినది. అంతవరకు సంతోషము.

దీనివలన మేము తెలుసుకొన్నది మీకు మనవి చేస్తున్నాము. తమిళము మన బిడ్డలకు పగ భాష కాదు. అన్నము పెట్టు నేలయొక్క భాష. దానిని తప్పులు లేకుండ నేర్వవలెను. తెలుగు తల్లి భాష. దానిని విడువరాదు. ఒకదానికొకటి పోటీ యని పిల్లల యెదుట మాట్లాడితే, పిల్ల ఏదో ఒకటి పారవేయును. సామాన్యముగా మార్కులు తక్కువ తెచ్చుదానిని పారవేయును. అయ్యవారు లేని స్కూలులో తెలుగు చదువు హక్కు కాగితముమీదనే ఉండును గనుక, అడుగువారు ఒక్కరుగా పోక పదిమంది తల్లిదండ్రులు కలిసి అర్జీ పెట్టుకొనవలెను. ఆదివారపు తరగతికి పిల్లలను పంపవలెను. ఇది మన చేతిలోని పని.

రెండవ సంగతి, మా గుమాస్తా ఉద్యోగమునకు సంబంధించినది. సిబ్బంది రికార్డులు చూచువారముగనుక మేము దీనిని గట్టిగా చెప్పగలము. మనిషి జీవితములో పేరు, పుట్టిన తేది ఒక్కసారి పదవ తరగతి సర్టిఫికెట్టులో పడినవంటే రిటైరయ్యే దినము వరకు అవే. మా నాయన పేరు సర్వీసు రిజిస్టరులో ఒక విధము, రేషను కార్డులో ఒక విధము. ఆయన పోయిన తరువాత కుటుంబ పింఛను కొరకు మా అమ్మ ఎనిమిది నెలలు ఆఫీసుల మెట్లు ఎక్కి దిగినది. రెండక్షరముల తేడాకు ఎనిమిది నెలలు!

మనవారికి ఈ ఇబ్బంది తక్కినవారికంటె ఎక్కువ. మనకు ఇంటిపేరు ముందుండును. ఇక్కడి వాడుక తండ్రి పేరు మొదటి అక్షరము ఇనిషియలుగా పెట్టుట. అన్నకు ఇంటిపేరు, తమ్మునికి తండ్రి పేరు ఇనిషియలైన ఇండ్లు మన సంఘములోనే ఉన్నవి. కాగితముమీద వారు అన్నదమ్ములు కారు. మరియొకటి, తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరము. ప, బ లకు ఒకటే. త, ద లకు ఒకటే. మన గంగాధరము తమిళమునుండి ఇంగ్లీషులోనికి పోవునప్పటికి ఇంకెవరో అయి తేలవచ్చును. పదవ తరగతిలో పరీక్షకు ముందు స్కూలులో నామినల్ రోలు తయారు చేయుదురు. పిల్ల పేరు, ఇనిషియలు, పుట్టిన తేది, ఫొటో, వ్రాయబోవు సబ్జెక్టులు అందులో ఉండును. ఆ కాగితమును తల్లిదండ్రులు స్వయముగా చూచి, జనన ధ్రువపత్రము, ఆధారు కార్డు ప్రక్కన పెట్టుకొని అక్షరమక్షరము సరిచూడవలెను. మా పిల్లది చూచినప్పుడు పుట్టిన తేదిలో దినము, నెల తారుమారై ఉండెను. గుమాస్తాగారు అక్కడనే దిద్దినారు, రెండు నిమిషముల పని. సర్టిఫికెట్టు అచ్చయిన తరువాత అయితే రెండు సంవత్సరములు పట్టినను ఆశ్చర్యము లేదు. నాలుగవ భాగమున తెలుగు ఎక్కినదా లేదా అని కూడ అక్కడనే చూడవలెను.

కుల ధ్రువపత్రము కావలసినవారు పదవ తరగతికి ముందే తీసి ఉంచుకొనుట మేలు. పరీక్ష ఫలితములు వచ్చిన వారములో ఊరంతయు ఈ-సేవా కేంద్రము దగ్గరనే నిలబడును.

మూడవ సంగతి, స్కూలు నియమములు. ఇవి పిల్లలకు మాత్రమే కాదు, స్కూలువారికిని ఉన్నవి. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల పిల్లలకు వర్తించును. దాని 17వ సెక్షను ప్రకారము పిల్లను కొట్టరాదు, మనస్సు నొప్పించు హింస పెట్టరాదు. 13వ సెక్షను ప్రకారము చేర్చుకొనుటకు డొనేషను తీసికొనరాదు. 21వ సెక్షను స్కూలు నిర్వాహక సంఘమును గురించినది. అందులో కనీసము మూడు పాళ్లు తల్లిదండ్రులు, ఒక పాలు ఇతరులు. మొత్తములో సగము స్త్రీలు ఉండవలెను. తమిళనాడులో ఈ సంఘములను 2022లో పెద్ద యెత్తున పునర్నిర్మించినారు. ఆ సమావేశమునకు రమ్మని చీటీ వచ్చినప్పుడు "డ్యూటీ ఉన్నది" అని మనము, "వంట ఉన్నది" అని ఇంటివారు తప్పించుకొనుచున్నాము. తరువాత మన మాట వినువారు లేరని నొచ్చుకొనుట ఎందుకు? షిఫ్టు డ్యూటీవారు ముందుగా అడిగితే మార్చుకొనవచ్చును. పెండ్లికి మార్చుకొనుట లేదా?

బదిలీ సర్టిఫికెట్టు విషయము రైల్వేవారికి ముఖ్యము. బదిలీ అయినప్పుడు ఫీజు బాకీ యని దానిని ఆపుట, లేదా దానిమీద బాకీ సంగతి వ్రాయుట కొన్నిచోట్ల జరిగినది. 2024 జూలైలో మద్రాసు హైకోర్టు ఈ ఆచారమును తప్పు పట్టినది. ఆ సర్టిఫికెట్టు పిల్లదేగాని, బాకీ రాబట్టుకొను సాధనము కాదు. అంతమాత్రమున ఫీజు ఎగవేయవచ్చునని కాదు. కట్టలేని స్థితి వస్తే దాగుకొనక, ముందుగా పోయి గడువు అడుగవలెను. అడిగినవానికి చాలచోట్ల గడువు దొరుకును.

హాజరు మాట కూడ చెప్పవలెను. పెండ్లిండ్లు, జాతరలు, తిరుపతి మొక్కుబడులు అని తొమ్మిది, పది తరగతుల పిల్లలను వారాలకు వారాలు మానిపించుచున్నాము. సైన్సులో 100 మార్కులకు 75 వ్రాత పరీక్షకు, 25 ప్రాక్టికలుకు. ఆ 25 మార్కులు ప్రయోగశాలలో నిలబడి చేసినవానికి సులువు. పాసు ఉన్నది గదాయని రైలెక్కించి తీసికొనిపోయినవానికి కష్టము. జబ్బు చేస్తే మాత్రము డాక్టరు చీటీతో ఆనాడే తెలియపరచవలెను.

పిల్లకు స్కూలులో గాని దారిలో గాని ఎవరివలననైనను బాధ కలిగితే నోరు మూయించరాదు. "పరువు పోవును" అనుట పరువును కాపాడుట కాదు. 1098 పిల్లల సహాయపు టెలిఫోను. చదువు, పరీక్షల విషయమై సలహాకు ఈ రాష్ట్రములో 14417 ఉన్నది. ఈ రెండు నంబరులు గోడ క్యాలెండరుమీద వ్రాసి ఉంచుడు.

నాలుగవ సంగతి, పదవ తరగతి ఫలితము. ఇది మా సొంత గాయము గనుక రెండు మాటలు ఎక్కువ చెప్పినను ఓర్చుకొనవలెను. ఈ రాష్ట్రములో పదవ తరగతికి అయిదు సబ్జెక్టులు, ఒక్కొక్కదానికి 100 మార్కులు, ప్యాసుకు 35. ఒకటి రెండింటిలో తప్పినవారికి అదే వేసవి చివర, జూన్ జూలై ప్రాంతమున అనుబంధ పరీక్ష జరుగుచున్నది. అందులో ప్యాసైనవారు ఆ సంవత్సరమే పదకొండవ తరగతిలో చేరవచ్చును. ఏడాది పోదు. మార్కులు తక్కువ వచ్చినవని అనుమానముంటే మరల కూడుటకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. వీటికి గడువు కొద్ది దినములే. ఫలితము వచ్చిన దినము ఏడ్పులకు, తిట్లకు పోవును. మరునాడు చుట్టములకు జవాబు చెప్పుటకు పోవును. మూడవనాడు గడువు తేది చూచువారు ఎవరు? కావున ఫలితము రాకముందే ఈ తేదిలు ఎక్కడ ప్రకటింతురో తెలుసుకొని ఉంచుకొనవలెను.

2017నుండి తమిళనాడు ప్రభుత్వము రాష్ట్ర స్థాయి ర్యాంకులు ప్రకటించుట మానినది. ప్రభుత్వము మానినది గాని మన ఇండ్లలో మానలేదు. "పక్క క్వార్టరు పిల్లకు 480, నీకెంత?" అను ప్రశ్న మనము నిలుపలేదు. ఫలితముల దినమున పిల్లను ఒంటరిగా విడువకుడు. ప్యాసైనను, తప్పినను ఆ పూట ఇంటిలో అందరు కలిసి అన్నము తినవలెను. మా ఇంటిలో ఆనాడు పొయ్యి వెలుగలేదని చెప్పినాము. ఇరువది యేండ్లు దాటినను ఆ చల్లని పొయ్యి మేము మరువలేదు.

ప్యాసైన తరువాత ఏ గ్రూపు అన్నది పిల్లతో కూర్చుండి మాట్లాడవలెను. ఇంజనీరు, డాక్టరు తప్ప వేరు దారి లేదనుట సరికాదు. కామర్సు ఉన్నది, వృత్తి విద్య ఉన్నది, పదవ తరగతితో చేరదగిన మూడేండ్ల పాలిటెక్నిక్ డిప్లొమా ఉన్నది, ఐ.టి.ఐ. ఉన్నది. సర్కారు, ఎయిడెడు స్కూళ్లలో ఎనిమిదవ తరగతి చదువు పిల్లలకు జాతీయ ప్రతిభా ఉపకారవేతన పరీక్ష ఉన్నది. కుటుంబ ఆదాయము సంవత్సరమునకు 3,50,000 రూపాయలకు మించనివారికి, తొమ్మిదినుండి పన్నెండు వరకు ఏటా 12,000 రూపాయలు. సర్కారు స్కూళ్లలో చదివి కళాశాలకు పోవు ఆడపిల్లలకు నెలకు 1,000 రూపాయలిచ్చు పథకము 2022లో ప్రారంభమైనది. సర్కారు బడి యని చిన్నతనముగా చూచువారు ఈ లెక్కలు కూడ చూడవలెను.

మన రైల్వే సోదరులకు ఒక మాట. పిల్లల చదువు భత్యము ఇద్దరు పిల్లలకు, ఒక్కొక్కరికి నెలకు 2,250 రూపాయలుగా ఉండి, 2024 జనవరి 1నుండి 2,812 రూపాయల 50 పైసలు అయినది. సంవత్సరమునకొకసారి స్కూలు సర్టిఫికెట్టుతో అడిగి తీసికొనవలెను. అడుగనివారు ఇంకను ఉన్నారు. ఆ కాగితములు మా బల్లమీదికే వచ్చును గనుక మాకు తెలియును. ఆ సొమ్ము వచ్చిన నెలలో పుస్తకముల అంగడికి పోవలెనుగాని, ఇంకొక అంగడికి కాదు. నవ్వుచున్నారు, అర్థమైనదనుకొనెదము.

ఇంటి సంగతి చివరి మాట. మనకు లెక్కలు రావు, ఇంగ్లీషు రాదు, పిల్లకు ఏమి చెప్పగలము అని చాలమంది అందురు. చెప్పవలసిన పని లేదు. ప్రక్కన కూర్చుంటే చాలును. ఆ అరగంట టెలివిజను, సెల్ ఫోను మూయవలెను. ముందు మనది, తరువాత పిల్లది. రాత్రి పదింటికి నిద్రపుచ్చవలెను. ప్రోగ్రెసు కార్డు ఎక్కువ మార్కులు వచ్చిననాడు కూడ చదువవలెను. స్కూలుకు తప్పు జరిగిననాడే కాక, మంచి జరిగిననాడు కూడ పోయి అయ్యవారికి నమస్కారము చెప్పి రావలెను. మా నాయన చదువురానివారు గనుక స్కూలు గేటు దాటుటకు జంకినారు. ఆ జంకును మనము మోయనక్కరలేదు.

మా పిల్లకు వచ్చే మార్చిలో పరీక్ష. ఉగాది పచ్చడి తిన్నను, తినకున్నను ఆ చేదు, ఆ తీపి మా ఇంటికి వచ్చును. ఎన్ని మార్కులు వచ్చునో చెప్పలేము. ఏమి వచ్చినను, ఈ తడవ నోటీసు బోర్డు దగ్గరకు మేమే పోయి చదివి వచ్చెదము. మీరును మీ మీ పిల్లల స్కూలుకు పోయి చదివి రావలెనని, ప్రక్క ఇంటి చదువురాని తండ్రికి కూడ చదివి చెప్పవలెనని కోరుచున్నాము.

 ఈ మాటలు ఉగాది సంచికలో చేరునని కార్యదర్శిగారు చెప్పినారు గనుక, చదువరులందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు. మన పిల్లలందరు రెండు భాషలలోను తలయెత్తుకొని నడుచుదురుగాక.